ఎలుగు తాత సీసా

ముద్దుల భూతద్దం చెల్లికి,

అన్నయ్య ఆశీస్సులు. ఈ వారం జూ నుంచి మీ ల్యాబ్‌కు మూడు సీసాలు: ఏనుగు లద్దె, జింక పెంటికలు, ఎలుగు తాత మలం. ముందు ఏనుగు సంగతి చెప్పాలి, నాకు కాళ్ళు నేల మీద నిలవడం లేదు. మూడు రోజులుగా కడుపు బిగుసుకుపోయి మేత ముట్టని మహాతల్లి నిన్న పొద్దున మూడు గంపల మేత ఖాళీ చేసింది. గేటు కాపలాదారుతో సహా అందరం చప్పట్లు కొట్టాం. లద్దె విరిచి చూస్తే పీచు చక్కగా అరిగింది. అందరూ ముక్కు మూసుకున్నారు గానీ, నాకైతే అత్తరు పూసినట్టే ఉంది.

దిగులల్లా ఎలుగు తాతతోనే. ముసలాడు పది రోజులుగా బక్కచిక్కిపోతున్నాడు, మలం నల్లగా వస్తోంది. లోపలెక్కడో రక్తం పోతోందని నా అనుమానం. నువ్వు అవునంటే పశువుల డాక్టరు మత్తిచ్చి, గొట్టం వేసి చూస్తాడట. ఆ వయసులో మత్తిస్తే మళ్ళీ లేస్తాడో లేదో. గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నా.

ఇలాంటివి ఫోన్లో మాట్లాడితే పక్కవాళ్ళు లేచిపోతున్నారు, అందుకే పెట్టెతో పాటు ఈ ఉత్తరం. చిన్న చీటీల్లో నా కోడిగీతలు నీకు అర్థం కావని సీసాల మీద అవి మీ వదినే రాస్తుంది. ఐసు పెట్టి, పెట్టె కట్టి, బస్సు కండక్టరుకు అప్పజెప్పేదీ తనే. ఈమధ్య కాస్త నీరసంగా ఉంటోంది. ఎండలు కదా.

నీ పేడపురుగు అన్నయ్య

*

పేడపురుగు అన్నయ్యా,

చదివేముందు కూర్చో. ఏనుగు, జింక భేషుగ్గా ఉన్నాయి. తాత విషయంలో నేనో తప్పు చేశా. ఆ తప్పు వల్ల బయటపడింది చూసి రెండు రోజులుగా నాకు నిద్ర లేదు.

జంతువుల మలంలో రక్తం చూడటానికి మా దగ్గర మందు చుక్కలుంటాయి. ఏ రక్తమున్నా నీలంగా మారతాయి. మనుషులకు వాడేది వేరు, చిన్న కార్డు. అది మనిషి రక్తాన్ని తప్ప దేన్నీ పట్టించుకోదు. పొద్దున్నుంచీ నలభై మంది రోగుల సీసాలు చూసిన ఊపులో తాత మలాన్ని కూడా ఆ కార్డు మీదే వేసేశా. పొరపాటు తెలిసి పారేయబోతుంటే, రక్తం ఉందని చెప్పే రెండో గీత తేలింది. ఎర్రగా, కొట్టొచ్చినట్టు. ఇంకో కార్డు తీశా, మళ్ళీ అదే. కుర్చీలోంచి లేచి ల్యాబంతా తిరిగా. ఎలుగుబంటి కడుపులో మనిషి రక్తం ఉండాలంటే అది ఎవరినైనా తిని ఉండాలి. నువ్వు ఉత్తరాలు రాస్తున్నావు కాబట్టి నిన్నైతే తినలేదు.

అంటే ఆ మలం నీదే. డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి సిగ్గేసి తాత పేరు పెట్టావు. నాన్న కూడా ఇలాగే రెండేళ్ళు దాచాడు. పేగు క్యాన్సర్ ముదిరాక తీసుకొచ్చాం. ఆ వార్డు బయట నువ్వు ఏడ్చిన ఏడుపు నాకింకా వినబడుతోంది. మొదట్లోనే పట్టుకుంటే తీసి పారేసే జబ్బు అన్నయ్యా ఇది. తొలి బస్సుకు వచ్చెయ్.

నీ చెల్లి

*

ప్రియమైన చెల్లీ,

అమ్మ మీద ఒట్టు, ఆ మలం నాది కాదు. తాత గుహలోంచి నా చేత్తో ఎత్తి సీసాలో పెట్టా. నీ ఉత్తరం మీ వదినకు చదివి వినిపించి ఇద్దరం కడుపుబ్బ నవ్వుకుందామనుకున్నా. నేనొక్కణ్ణే నవ్వా. తను గిన్నెలు తోముతూ ఉండిపోయింది.

నువ్వు నమ్మవు. అందుకే నా సరుకు నా పేరుతోనే పంపుతున్నా. తాతది కూడా కొత్తగా ఎత్తాను. ఈసారి రెండిటికీ మూతలు బిగించింది నేనే, చీటీలు రాసింది నేనే, బస్సెక్కించిందీ నేనే. రోజుకు నలభై రకాల మలం చూసేవాణ్ణి, నాది నేను చూసుకోనా? నీ మీద ఒళ్ళు మండుతోంది గానీ లోపల ఓ మూల భయంగానూ ఉంది. వెంటనే రాయి.

దొంగచాటు పని అంటగట్టించుకున్న నీ అన్నయ్య

*

అన్నయ్యా,

నీ సీసాలో రక్తం చుక్క లేదు. సంతోషం పట్టలేక ల్యాబ్‌లో అందరికీ టీ ఇప్పించా. తాతకూ రక్తం లేదు. ఆ నలుపంతా నువ్వు పెట్టిన నల్లద్రాక్షే, తొక్కలు కనబడ్డాయి. ఏలికపాముల గుడ్లు మాత్రం కుప్పలుగా ఉన్నాయి. మందు మింగిస్తే చాలు, మత్తు అక్కర్లేదు.

కానీ తాత పేరుతో వచ్చిన మొదటి సీసా మళ్ళీ తీసి చూస్తే అందులో ఒక్క గుడ్డు లేదు. అది తాతదీ కాదు, నీదీ కాదు. నువ్వు మధ్యాహ్నం సీసాలు ఇంటికి తెస్తావు, సాయంత్రానికి బస్సెక్కుతాయి. ఆ మధ్యలో వాటిని ముట్టుకునేది ఒక్క మనిషే. ఇంత తేలిక లెక్క నాకు ముందే తట్టనందుకు నన్ను నేనే తిట్టుకుంటున్నా.

వదినను అడుగు. కంగారుపడకు, కేకలెయ్యకు, పక్కన కూర్చుని అడుగు. రేపే తీసుకురా. డాక్టరుతో మాట్లాడేశా.

నీ చెల్లి

*

బంగారు చెల్లీ,

నిన్న ఇల్లు చేరాం. పేగులో బుడిపె పూర్తిగా తీసేశామని, ముదరలేదని, అప్పుడప్పుడూ చూపించుకుంటే చాలని డాక్టరు అన్న మాట మీ వదిన దారంతా నాతో పదిసార్లు చెప్పించుకుంది. తర్వాత నా భుజం మీద పడి నిద్రపోయింది. బస్సంతా వినేలా గట్టిగా అరవాలనిపించింది నాకు.

అక్కడ నీ ముందు చెప్పడానికి సిగ్గేసింది, అందుకే రాస్తున్నా. ఆ రోజు అడిగితే వంటింటి గడప మీద నా పక్కన కూర్చుంది. మూడు నెలలుగా రక్తం పోతోందట. నాకెందుకు చెప్పలేదన్నా.

"మీరు పొద్దున్నే వెళ్ళి, ఏం తాతా, కడుపు బాగుందా అని అడుగుతారు. ముప్పై ఏళ్ళలో నన్ను ఒక్కసారైనా అడిగారా? తాత సీసాలో పెడితే తాత కోసమైనా పరీక్ష చేయిస్తారు, నా జబ్బేమిటో తెలుస్తుంది కదా అనుకున్నా."

కోపంగా అనలేదు చెల్లీ. మామూలుగా అంది, అందుకే తట్టుకోలేకపోయా. జింక పెంటిక రంగు మారితే పది అడుగుల దూరంనుంచి పసిగట్టేవాణ్ణి. ఎదురుగా కూర్చుని ముద్ద వదిలేసి లేచిపోయే మనిషిని చూడలేదు.

ఇవాళ పొద్దున పనికి బయల్దేరి, వేసుకున్న చెప్పులు విప్పి మళ్ళీ లోపలికెళ్ళా. కడుపెలా ఉందని అడిగా. సిగ్గుతో మొహం తిప్పుకుని, చాల్లెండి, వెళ్ళండి అంది. నేను కదల్లేదు. కాసేపటికి మొదలుపెట్టింది. ఏది తింటే పడుతోంది, ఏది పడటం లేదు, ఎన్నిసార్లు, ఏ రంగు, అన్నీ. ముప్పై ఏళ్ళది ఒకేసారి చెప్తున్నట్టు చెప్పింది. నేను స్టూలు లాక్కుని కూర్చుని విన్నా. ఎలుగు తాతకు ఇవాళ తిండి గంట ఆలస్యమైంది.

నీ అన్నయ్య