ఈ ఏడు ఒక్క కన్నే

సుబ్బరాజూ,

నువ్వు పోయాక మన ట్రస్టు పెట్టిన మొదటి కంటి శిబిరం నిన్న జరిగింది. ఉప్మా మాత్రం నీ హయాంలోలాగే గోడకి కొడితే అతుక్కునేలా ఉంది, అది వేరే కథ. భీమవరంలో రొయ్య ధర పడిపోయింది. మన దాతలంతా చెరువుల వాళ్ళేగా, విరాళం అడిగితే నన్నే ఓదార్చమన్నారు. అందుకని ఈ ఏడు కొత్తవాళ్ళకే, అదీ ఒక్క కన్నుకే ఆపరేషన్ అని కమిటీ తీర్మానించింది. చేయెత్తిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

కిందటేడు ఒక కన్ను చేయించుకున్న వీరమ్మ రెండోదానికి వచ్చింది. ఈసారి లేదని చెప్పాను.

"రాజుగారు మాటిచ్చారండి. ఆయనేరండీ? అప్పుడంతా మసక, గొంతే తెలుసు. మొహం కూడా చూద్దామని వచ్చాను."

దండ వేసిన నీ ఫొటో చూపించాను. బాగైన కన్ను అద్దానికి ఆనేంత దగ్గరగా పెట్టి చాలాసేపు చూసింది.

"ఇంత నలుపాండీ?"

"ఫొటో తప్పేం లేదమ్మా, మనిషే అంత."

నవ్వింది. మెట్లు దిగబోతూ ఆగి, "ఆయనుంటే కాదనేవారు కాదండి" అంది.

నువ్వున్నా రొయ్య ధర పెరిగేది కాదురా. నువ్వూ చేయెత్తేవాడివే. ఆ మాట మాత్రం ఆవిడతో అనలేదు.