సున్నాకి ఒంటి రెక్క

చిరంజీవి బావమరిదికి,

మీ బావ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేనూ మీ అక్కా కులాసా. కట్టుడు పళ్ల పని జోరుగానే ఉంది. ఊళ్లో నోళ్లున్నంతకాలం నాకు దిగుల్లేదు.

అసలు సంగతికొస్తాను. నువ్వు చిన్నప్పటినుంచీ పాత యుద్ధవిమానాలవాళ్లు గుండెల మీద పెట్టుకున్న రెక్కల బ్యాడ్జీలు పోగేస్తున్నావు. నేనూ ఈమధ్యే మొదలుపెట్టానని నీకు తెలుసు, చాటుగా నవ్వుకున్నావని నాకు తెలుసు. నిన్న యూనిఫారాలు కుట్టే ముసలి దర్జీ దుకాణం ఎత్తేస్తూ గుండీల సంచి అమ్మితే కొన్నాను. అందులో ఓ బ్యాడ్జీ దొరికింది. పైలట్ బ్యాడ్జీకి రెండువైపులా రెక్కలుంటాయి కదా, దీనికి ఒక పక్కే ఉంది. ఆ రెక్క కూడా ఒక సున్నాకి అతుక్కుని ఉంది. రెండోది ఏ యుద్ధంలో ఊడిందో పాపం. దీన్నేం చెయ్యమంటావు?

ఇట్లు,
మీ అక్కని కట్టుకుని నీకు బావనైనవాణ్ణి

తా.క.: మీ అక్క నా బ్యాడ్జీల్ని సోడా మూతలంటోంది. నీవి మాత్రం "మా తమ్ముడి కలెక్షన్" అని వడ్డిస్తూ కూడా వర్ణిస్తుంది.

---

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం అందిన పూటే జవాబు రాస్తున్నాను. కళ్లద్దాల కోసం వచ్చినాయన గోడ మీది అక్షరాలు చదువుతుంటే, ఆయన్ని అలాగే కూర్చోబెట్టి మరీ రాస్తున్నాను.

అడిగారు కాబట్టి చెబుతున్నాను, మనసు కష్టపెట్టుకోకండి. అది ఒట్టి చెత్త. రెక్క విరిగిన బ్యాడ్జీని మా బ్యాడ్జీల సంఘంలో చూపిస్తే కుర్చీల్లోంచి పడి నవ్వుతారు. అలాంటివి నా దగ్గరికి బోలెడొచ్చాయి, పోయాయి. మీ పరువు నా పరువు కాదా? నాకు పంపెయ్యండి, ఏ మూలో పారేస్తాను.

ఇట్లు,
మీ మేలు కోరే బావమరిది

తా.క.: పంపేటప్పుడు దూదిలో చుట్టి, రేకు డబ్బాలో పెట్టి, రిజిస్టరు పోస్టు చెయ్యండి. చేత్తో ముట్టుకోకండి. అంచు మీ వేలికి గుచ్చుకుందంటే అక్కకి మొహం చూపించలేను.

---

నా వేళ్ల మీద ఇంత బెంగ పెట్టుకున్న బావమరిదికి,

నీ ఉత్తరం చదివి కళ్లు చెమర్చాయనుకో. చెత్తని తెలిసి కూడా నా పరువు కోసం పంపమన్నావు. ఈ రోజుల్లో ఏ బావమరిది అంటాడు ఆ మాట? కానీ నీకు విరిగిన సరుకు పంపేటంత చవటనా నేను? ఊడిన పన్నుకి పక్క పన్ను చూసి జత చేసి పెట్టడం నా వృత్తి. పన్నుకి చేసినవాణ్ణి రెక్కకి చెయ్యలేనా! ఉన్న రెక్కని చూసి, తిరగేసి, రెండోది పోత పోసి అతికిస్తాను. అప్పుడు పంపుతాను, దర్జాగా పెట్టుకో.

ఇట్లు,
నీ బావ

తా.క.: నల్లగా మకిలి పట్టి ఉంది. పళ్లు మెరుగుపెట్టే చక్రం మీద ఒక్కసారి ఆడిస్తే తళతళలాడిపోతుంది.

---

దయామయులైన బావగారికి,

చక్రం ఆపండి. ముందు చక్రం ఆపి, తర్వాత చదవండి.

పాత వస్తువుకి మకిలే అందం బావగారూ. అది పోతే ఇంకేం మిగలదు. పైగా విరిగినవాటిని విరిగినట్టే ఉంచాలని మా సంఘంలో ఖచ్చితమైన రూలుంది. అతుకులు వేసినవాణ్ణి బయటికి పంపేస్తారు. అతుకుల బ్యాడ్జీ ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టదు. ఆ మాటకొస్తే ఇప్పుడూ పట్టడం లేదు. నిన్న ఒకావిడకి దూరపుచూపు అద్దాలివ్వబోయి దగ్గరచూపువి ఇచ్చేశాను. ఆవిడ నా గుమ్మమే కనపడక తట్టుకుని పడబోయింది. మీకు పుణ్యముంటుంది, ఆ దిక్కుమాలినదాన్ని ఉన్నదున్నట్టు పంపించండి.

ఇట్లు,
మీ కాళ్లు పట్టుకోవడానికీ వెనకాడని బావమరిది

తా.క.: అక్కా, ఈ ఉత్తరం నీ కంటపడితే బావగారి పనిముట్లు ఎక్కడైనా దాచిపెట్టు.

---

చిరంజీవి బావమరిదికి,

మీ అక్క తా.క. చదివింది. పనిముట్లు దాచలేదు సరికదా, "మావాడికి కుళ్లండీ. మీ బ్యాడ్జీకి రెండు రెక్కలొస్తే తన వాటి సరసన నిలబడుతుందని ఏడుస్తున్నాడు" అంది. పెళ్లయ్యాక మీ అక్క నా పక్షాన మాట్లాడటం ఇదే మొదలు. ఇక నన్ను ఆపేవాడెవడు?

చిక్కల్లా లోహం దగ్గరే వచ్చింది. వేరే లోహం పోస్తే రంగు కలవదు. అప్పుడు ఉపాయం తట్టింది. ఆ సున్నా దేనికి చెప్పు? ఎగరడానికి రెక్కలు కావాలి గానీ సున్నాతో పనేముంది? దాన్ని కోసి కరిగిస్తే రెండో రెక్కకి సరిపోతుంది. ఎల్లుండి కొలిమి వెలిగిస్తున్నాను.

ఇట్లు,
ఉత్సాహంలో ఉన్న బావ

తా.క.: లోహం ఏమైనా మిగిలితే మీ అక్క బీరువా తాళంచెవికి రింగు చేస్తాను.

---

బావా! ఓ బావా!

కొలిమి ఆర్పు. పోస్టయితే ఆలస్యమని ఈ ఉత్తరం మీ వైపొచ్చే బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

అది విరగలేదు. పుట్టడమే అలా పుట్టింది. రెండు రెక్కలు విమానం నడిపేవాడికి. వెనక సీట్లో కూర్చుని కింద నేలంతా కనిపెట్టి చూసే పరిశీలకుడికి ఒక్క రెక్కే ఇచ్చేవారు. నువ్వు సున్నా అంటున్నది ఇంగ్లీషు 'ఓ' అక్షరం, అబ్జర్వర్ అని అతని గుర్తు. గుడ్డ మీద కుట్టినవి నేనూ చూశాను గానీ, లోహంతో చేసింది పుస్తకంలో బొమ్మ చూడటమే. మీసాలు మొలవనప్పటినుంచీ వెతుకుతున్నాను బావా! మొన్న మొదలుపెట్టినవాడివి, నీకు గుండీల సంచిలో దొరుకుతుందా? చదవగానే ఒళ్లు భగ్గుమంది. చెత్త అంటే నమ్మి విసిరేస్తావు, నేను ఏరుకుందామనుకున్నాను. సంఘం రూలు కూడా నేను కల్పించిందే. నా దగ్గరున్నవన్నీ కలిపినా నీ ఒక్కదానికి సాటిరావు. చాలా? నాకు ఇవ్వకపోయినా సరే, దాన్ని మాత్రం బతకనివ్వు.

ఇట్లు,
పచ్చి కుళ్లుబోతు

తా.క.: అది ఉందో పోయిందో ఒక్క ముక్క రాయి. తిండి సహించడం లేదు.

---

చిరంజీవి కుళ్లుబోతుకి,

బతికే ఉంది. కొలిమి వెలిగించనే లేదు. చెత్తని దూదిలో చుట్టి రిజిస్టరు పోస్టు చెయ్యమన్నప్పుడే మా ఇద్దరికీ అనుమానమొచ్చింది. మీ సంఘం మీసాల ప్రెసిడెంటు దగ్గరికి పట్టుకెళ్లి చూపించాను. ఆయన కుర్చీలోంచి పడ్డమాట నిజమే గానీ, నవ్వి కాదు. ఆ తర్వాత నీకు రాసినవన్నీ మీ అక్కా నేనూ కలిసి రాసినవే. సున్నా కరిగించే ఆలోచన ఆవిడదే.

నీకు నామీద మండింది ఈ కొద్దిరోజులే. నాకు పెళ్లయినప్పటినుంచీ మండుతోంది. ఇంటికి ఎవరొచ్చినా మీ అక్క నీ బ్యాడ్జీల గొప్ప చెప్పడమే గానీ, మా ఆయన చేసిన పళ్లతోనే ఊరంతా నవ్వుతోందని ఒక్కనాడైనా చెప్పిందా? ఆ ఉక్రోషంతోనే ఈ పిచ్చి తగిలించుకున్నాను. "నీ ఒక్కదానికి సాటిరావు" అని రాశావే, ఆ ముక్క మీ అక్క చేత పైకి చదివించుకున్నాను. కడుపు చల్లబడింది. బ్యాడ్జీ నీదే, తీసుకో.

అయితే ఒక చిన్న సంగతి. ఇన్నాళ్లూ అది నా బల్ల మీదే ఉంది కదా, చెయ్యి ఊరుకోలేదు. దానికి జత ఒకటి పోత పోశాను. రంగు కలవదని రాశాను గానీ, అదీ ఉత్తదే. పొగతాగేవాళ్ల పక్కపళ్లతో కలిసేలా కొత్త పన్నుకి మకిలి ఎక్కించడం నాకు రోజూ ఉండే పనే. ఈ డబ్బాలో రెండూ ఉన్నాయి. అసలుది ఉంచుకుని, నేను చేసింది తిరుగుటపాలో పంపు. ఏది ఏదో నేను చెప్పడం నీ అనుభవాన్ని అవమానించడమే అవుతుంది.

ఇట్లు,
ప్రేమతో నీ బావ

తా.క.: నువ్వు ఏది వెనక్కి పంపినా "చాలా సంతోషం" అని జవాబు రాస్తాను. అంతకు మించి ఒక్క అక్షరం రాయను.