నాయనమ్మ పంటి గాటు

పీకింగ్ టంకశాల, రెండో నెల

పూజ్యులైన షౌచ్యెన్ బాబాయికి, హెంగ్ నేలకు నుదురానించి రాయునది.

నాయనమ్మ మందులకని పంపిన నాణేల దండలో పొరపాటున మా తల్లినాణెం కలిసిపోయింది. దాన్ని ఇసుకలో అద్దితేనే అచ్చు పడుతుంది, ఆ అచ్చులో కంచు పోస్తేనే మిగతావి పుడతాయి. కాస్త పెద్దది, నున్నటిది. నెలాఖరు తనిఖీలోపు రాకపోతే నా తల ఎగిరిపోతుంది.

తా.క. మాటవరసకు అనడం లేదు. ఇక్కడ ఆ పనికి వేరే మనిషే ఉన్నాడు.

*

చిరంజీవి హెంగ్‌కు బాబాయి దీవెనలు.

గుండె దిటవు చేసుకో. ఈ ఉదయం వైద్యుడు చెయ్యి పట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. అమ్మ పోయింది. ఆచారం ప్రకారం నోట్లో నాణెం పెట్టాలిగా. బతుకంతా అంగట్లో దొంగ నాణేలను కొరికి పట్టుకున్న మనిషికి నాసిరకం పెడతామా? దండలోకల్లా అందమైనది ఏరి పెట్టాం.

తా.క. నీ ఉత్తరం ఆ తర్వాతే అందింది. నోరు తెరిపించమంటావా?

*

బాబాయికి హెంగ్ నమస్కారాలు.

వద్దు. చిన్నప్పుడు తన నోటి దగ్గరి ముద్ద నాకు పెట్టింది. ఆవిడ నోట్లోది నేను లాక్కోను. నా తల సంగతి నేను చూసుకుంటాను.

తా.క. ఎన్నాళ్ళు చూసుకోగలనో చెప్పలేను.

*

హెంగ్‌కు దీవెనలు.

నా ఉత్తరం వెళ్ళిన మర్నాడు శవపేటిక పక్కన ఏడుస్తుంటే లోపల 'టక్' మంది. అమ్మ లేచి కూర్చుని, నాణెం అరచేతిలోకి ఊసి, "మంచిదేరా. నేను చచ్చానన్న సన్నాసెవడు?" అంది. వైద్యుడు గోడ దూకాడు. నాణెం పంపుతున్నాను.

తా.క. చక్రవర్తి పేరు పక్కనే అమ్మ ఒంటి పన్ను గాటు పడింది. పర్లేదుగా?

*

నాయనమ్మకు, బాబాయికి హెంగ్ వందనాలు.

తనిఖీనాడే చేరింది. మా అధికారి గాటును గోటితో తడిమి చూశాడు. తర్వాత, "దొంగ నాణేలు పట్టడానికి రహస్య గుర్తు పెట్టావన్నమాట! భేష్!" అని పట్టుశాలువా కప్పాడు. ఇప్పుడు మా కొలిమిలో పుట్టే ప్రతి నాణెం మీదా నాయనమ్మ పన్నే. చూపించడానికి పది పంపుతున్నాను.

తా.క. బాబాయ్, వీటిని కొరకొద్దని నాయనమ్మకు చెప్పండి.

*

తొమ్మిదో నెల

హెంగ్‌కు దీవెనలు.

ఈసారి అమ్మ నిజంగానే పోయింది. మూడు రోజులు ఆగి మరీ చూశాం. నువ్వు పంపిన పదిలోంచి ఒకటి నోట్లో పెట్టాను.

తా.క. కొరకలేదు. తన గాటు దానిమీద ముందే ఉందిగా.