పిట్టకన్ను

అక్కకు, తమ్ముడు నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

నేను ఇక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ, బావగారూ, చిట్టిగాడూ అక్కడ చల్లగా ఉన్నారని తలుస్తాను. "బాగానే" అన్న మాట దగ్గర నువ్వు ఆగి, కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ చదువుతావని తెలుసు. అక్కడ ఆగకు. ఆగాల్సిన చోటు చాలా కింద ఉంది. అక్షరాలు ఇంత లావుగా, వరసలు ఇలా కొండెక్కుతూ ఎందుకున్నాయో కూడా చెబుతాను. ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని విసుక్కోకు. ఫోన్లో నీ గొంతు వినగానే నేను ఎండా వానా గురించి మాట్లాడి పెట్టేస్తాను. ఈ మధ్య చేస్తున్నది అదే కదా.

నడుం నొప్పి తగ్గిందా అని అడిగావు. తగ్గింది. ఆట మానేస్తే ఎవరి నడుమైనా తగ్గుతుంది. పెళ్ళి సంగతి మళ్ళీ ఎత్తావు. చెప్పీ చెప్పీ నీ నోరు అరిగింది, వద్దనీ వద్దనీ నా నోరు అరిగింది. ఎందుకు వద్దంటున్నానో ఈసారి నీకే అర్థమవుతుంది.

ఇక కోతిగాడి సంగతి. కోపం పట్టలేక నేనే వాడి కాలు విరగ్గొట్టానని పేపర్లో చదివి, "నిజమేనా తమ్ముడూ, నువ్వు అలాంటివాడివి కాదే" అని రాశావు. నిజం కాదక్కా. అలాగని పూర్తిగా అబద్ధమూ కాదు.

వాడిని నువ్వు టీవీలో చూశావు. ఎగిరితే రింగుకు వేలాడే బక్క కుర్రాడు, జట్టులో నాకు పాస్ ఇచ్చేది వాడే. పాస్ ఇచ్చేముందు నన్ను గట్టిగా పిలవాలని రెండేళ్ళ కిందట అందరికీ చెప్పి పెట్టాను. పెద్ద ఆటగాడు కదా, పొగరు పట్టిందని మిగతావాళ్ళు నవ్వుకునేవారు. కోతిగాడు మాత్రం నవ్వలేదు. ఎప్పుడు బంతి ఇచ్చినా ముందు "అన్నా!" అని అరిచేవాడు. ఆ అరుపు లేకపోతే గత రెండు సీజన్లు నేను ఆడగలిగేవాణ్ణి కాదు.

ఆ రోజు మ్యాచ్‌లో మూడు పాయింట్ల గీత బయట, చాలా వెనక నుంచి షాట్ వేశాను. బంతి రింగులోంచి జారడం స్పష్టంగా చూశాను. కోతిగాడు నా ఎడమ పక్కనే జారిపడి లేవబోతున్నాడు. వాణ్ణి మాత్రం చూడలేదు. దిగుతూ దిగుతూ నా బరువంతా వాడి మోకాలి మీద వేశాను. ఎండు కట్టె విరిగిన చప్పుడైంది. ముందురోజు మా ఇద్దరికీ ప్రాక్టీసులో మాటా మాటా వచ్చిన సంగతి ఎవడో బయట పెట్టాడు. ఇంకేం, చూసి చూసి తొక్కాడన్నారు. చూసి తొక్కి ఉంటే బాగుండేదక్కా. కోపమైతే ఎప్పుడో ఒకప్పుడు చల్లారుతుంది.

ఆసుపత్రికి వెళ్ళాను. కాలు పైకి కట్టి పడుకోబెట్టారు. వాడి తల్లి నన్ను చూసి మొహం గోడవైపు తిప్పుకుంది. వాడే నా చెయ్యి పట్టుకుని, "తప్పు నాదే అన్నా. పడ్డప్పుడు అరవాల్సింది. ఊపిరి ఆడలేదు" అన్నాడు. నడుస్తాడట కానీ ఇక ఎగరడట. ఆ మాట డాక్టర్లు వాడికింకా చెప్పలేదు, నాకు చెప్పారు.

అక్కా, నాకు పక్కన ఉన్నవి కనపడవు. చీకట్లో అసలు కనపడవు. ఎదురుగా ఉన్నది మాత్రం, సన్నని గొట్టంలోంచి చూసినట్టు, చక్కగా కనిపిస్తుంది. ఈ కాగితం మీద ఒక్కసారికి రెండు మాటలు కనపడతాయి. పై వరస ఎక్కడుందో వేలు పెట్టి వెతుక్కుని కింద రాస్తున్నాను. ఈ గొట్టం ఏటేటా సన్నబడుతుందట.

చిన్నప్పుడు, ఇప్పుడు మీరుంటున్న ఆ ఇంట్లోనే, నీళ్ళ ట్యాంకు గోడకి నాన్న ఇనుప రింగు బిగించాడు, గుర్తుందా? నువ్వు కింద నిలబడి బంతి అందుకుని విసిరేదానివి. మిగతా పిల్లలంతా రింగు కింద మూగేవాళ్ళు. నేను ఆ గుంపులోకి వెళ్తే ఎవడి మోచెయ్యి ఎటునుంచి వచ్చి తగులుతుందో తెలిసేది కాదు. దెబ్బలు తిని తిని, దూరంగా గేటు దగ్గర నిలబడి వేయడం మొదలుపెట్టాను. "మా తమ్ముడు అంత దూరం నుంచి వేస్తాడు" అని నువ్వు ఊరంతా టముకు వేశావు. అది గొప్ప కాదక్కా, భయం. ఆ భయమే నాకు అన్నం పెట్టింది.

పెద్ద జట్టులోకి వచ్చాక అదే పేరైంది. ఇద్దరు ముగ్గురు మీద పడుతున్నా కన్నెత్తి చూడడు, రెప్ప వేయడు అన్నారు. అర్జునుడికి పిట్ట కన్ను ఒక్కటే కనిపించినట్టు వీడికి రింగు ఒక్కటే కనిపిస్తుందని కామెంటరీలో ఎవరో అన్నారు, అంతే, నాకు పిట్టకన్ను అని పేరు పడింది. స్టేడియం మొత్తం ఆ పేరు పెట్టి అరుస్తుంటే గాల్లో తేలినట్టుండేది. మీ బీరువా మీద పేర్చిన కప్పులన్నీ ఆ పేరు మీద వచ్చినవే. నాకు నిజంగానే రింగు ఒక్కటే కనపడేదని ఎవరికి తెలుసు? నాకే తెలియదు. అందరికీ అలాగే ఉంటుందనుకున్నాను. పుట్టిన దగ్గర్నుంచీ ఒకటే కిటికీలోంచి చూసేవాడికి గోడ ఉందని ఎలా తెలుస్తుంది చెప్పు.

కోడి మామను తలుచుకో. అమ్మ తమ్ముడు. దీపాలు పెట్టే వేళకు కుట్టు మిషన్ మీద గుడ్డ కప్పి, కోడిలా గూట్లో దూరతాడని ఇంటిల్లిపాదీ ఆటపట్టించేవాళ్ళం. అన్నం పళ్ళెం పక్కన గ్లాసు పెడితే తన్నేసేవాడు. చివరికి సందులో మురుగుకాలవలో పడి చనిపోతే, తాగి పడ్డాడన్నారు. ఆయన చుక్క ముట్టి ఎరగడు. అమ్మ కూడా ఆ మాట నమ్మి, సిగ్గుతో నలుగురిలో ఏడవలేదు. ఆయనది రేచీకటితో మొదలయ్యే జబ్బు. నాదీ అదే. పెళ్ళి చేసుకుని ఇంకొకరి పిల్లని చేతికర్రగా వాడుకోవడం నాకిష్టం లేదు.

కోచ్ గారికి ఆసుపత్రి వరండాలోనే చెప్పేశాను.  ఆయన, "నీ ఏకాగ్రత చూసి నేర్చుకోండ్రా అని ఎంతమంది పిల్లల్ని చావగొట్టానో తెలుసా?" అన్నాడు. తిట్టినా బాగుండేది. మర్నాడు నా లాకరు ఖాళీ చేశాను. టీవీలో ఎందుకు కనపడటం లేదన్న నీ ప్రశ్నకు అదీ జవాబు.

ఇప్పుడు చిట్టిగాడి సంగతి. దీన్ని చివరికి తోశానని నీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

వాణ్ణి ఆటల హాస్టల్‌కు ఎంపిక చేశారని, నెలాఖరుకు చేర్చాలని, "అచ్చం నీలాగే, గుంపులోకి పోడు, దూరం నుంచే వేస్తాడు, మేనమామ పోలిక" అని మురిసిపోతూ రాశావు. అదే ఉత్తరంలో, సాయంత్రం పాలకు పంపితే సగం దారిలోంచి ఏడుస్తూ తిరిగొచ్చాడని, ఇంత వయసొచ్చీ పిరికితనమేమిటని బావగారు చెయ్యి చేసుకున్నారని రాశావు. ఆ రెండు ముక్కలూ ఒకే కాగితం మీద చదివాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

వాడు పిరికివాడు కాదక్కా. బావగారికి చెప్పు.

ఇది తల్లి వైపు నుంచి వస్తుంది. ఆడవాళ్ళు మోస్తారు, వాళ్ళకు పెద్దగా ఏమీ కాదు. మగపిల్లలకు దిగుతుంది. అందరికీ దిగాలని లేదు. కళ్ళ డాక్టరమ్మ ఈ మాట నాకు రెండేళ్ళ కిందటే చెప్పింది. "మీ అక్కచెల్లెళ్ళకు మగపిల్లలున్నారా? ఉంటే వెంటనే చూపించండి" అంది. నాకెవరూ లేరని చెప్పాను. నువ్వు ఉండగా, వాడు ఉండగా, ఎవరూ లేరన్నాను. చిట్టిగాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఇంట్లో ఇంకెవరికుందని అడుగుతారు. నా పేరు బయటికొస్తుంది, ఆట పోతుంది. ఇంకొక్క సీజన్, ఇంకొక్కటి అనుకున్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. మొన్న సెలవుల్లో వచ్చినప్పుడు, పట్టపగలు, మీ ఇంటి మెట్ల మీద వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక ఆట ఆడించాను. "నా ముక్కునే చూడు, చూపు తిప్పకు. నా వేళ్ళు కనపడగానే దొంగ దొరికాడని అరువు" అన్నాను. రెండు చేతులూ వాడి చెవుల వెనక నుంచి మెల్లగా ముందుకు తెచ్చాను. మామూలు పిల్లలు చెవి దాటగానే అరుస్తారట. నా వేళ్ళు వాడి చెంపల పక్కకు వచ్చాయి. కళ్ళ పక్కకు వచ్చాయి. ఆడిస్తూనే ఉన్నాను. వాడు నా ముక్కునే బుద్ధిగా చూస్తూ, "మొదలుపెట్టు మామా, ఎంతసేపు?" అన్నాడు.

లోపల్నుంచి నువ్వు, "మామా అల్లుళ్ళు ఏంట్రా అక్కడ గుసగుసలు?" అన్నావు. "ఏం లేదక్కా, ఆట" అన్నాను. వాడు "నేనే గెలిచానా?" అని అడిగాడు. గెలిచావురా అన్నాను. తెల్లారే బండెక్కి వచ్చేసి, సీజన్ ఆడాను. ఆ సీజన్లోనే కోతిగాడి కాలు పోయింది. వాడి తల్లి గోడవైపు తిరిగినట్టు నువ్వూ తిరుగుతావేమోనని ఇన్నాళ్ళూ చేతులు రాలేదు.

వాణ్ణి హాస్టల్‌కు పంపకు. రేపే కళ్ళ డాక్టరుకు చూపించు, నా పేరు చెప్పు, కోడి మామ పేరు చెప్పు. దీనికి మందు లేదు, కానీ ముందే తెలిస్తే వాడు దెబ్బలు తినకుండా నడవడం నేర్చుకుంటాడు, ఒకరి కాలు విరగ్గొట్టకుండా బతుకుతాడు. పొద్దుగూకాక బయటికి పంపకు. ట్యాంకు దగ్గర రింగు మాత్రం పీకించకు. ఒక్కడే ఉన్నప్పుడు వేసుకోనీ. నడుమ ఉన్నదే చివర పోతుందని డాక్టరమ్మ చెప్పింది. అన్నీ పోయినా వాడికి రింగు చాలాకాలం కనిపిస్తుంది.

వాడికి నువ్వేమీ చెప్పకు. ఆ రోజు వాడు గెలవలేదని నేనే చెప్పాలి. వచ్చే ఆదివారం పగటి బండికి వస్తున్నాను. వద్దంటావేమోనని ముందుగా అడగడం లేదు. స్టేషన్‌కు నువ్వొక్కదానివే రా. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, కొట్టాలనిపిస్తే కొట్టు. కానీ ఎదురుగా నిలబడి కొట్టక్కా. పక్కనుంచి వస్తే ఎవరో అనుకుంటాను.

ఇట్లు,
నువ్వు బంతి అందించి పెంచిన
నీ తమ్ముడు