మీ నాన్న మాట పూర్తయ్యేదాకా

చిట్టితల్లికి,

అమ్మ మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. ఈ ముక్క కూడా తలెత్తి మీ నాన్నను ఒకసారి చూసుకున్నాకే రాశాను. నువ్వు వేళకి తింటున్నావా? గొంతు బొంగురుపోయిందని రాశావు. నలుగురికి మాట నేర్పేదానివి, నీ గొంతే పోతే ఎలాగమ్మా? వేడినీళ్ళు తాగు. తల ఆరకుండా పడుకోకు.

మీ పెద్ద డాక్టరుగారు "గదిలో మాట నేర్పడం వరకే మన పని, బయట సంగతులు మనకెందుకు" అన్నారనీ, నీకేం తోచడం లేదనీ రాశావు. నాకు పెద్ద చదువు లేదు. అయినా దీనికి జవాబు చెప్పగలను. ఆ మాటకి నువ్వు తలూపకు.

పక్షవాతం వచ్చి నాన్న మాట పడిపోయాక ఇక్కడి స్పీచ్ థెరపీ అమ్మాయి దగ్గరికి తీసుకెళ్తున్నాం కదా. ఆ గదిలో కత్తెర, దారం, గుండీ అన్నీ చెప్పేవారు. తీరా మన కొట్లో కుట్టు మిషను ముందు కూర్చుంటే ఒక్క మాట పెగలదు. వచ్చినవాళ్ళు ఆయన ఎదురుగానే నిలబడి, "ఎప్పటికిస్తారమ్మా?" అని నన్ను అడిగేవారు. ఆయన నోరు తెరిచేలోపే నేను చెప్పేసేదాన్ని. పాపం, అవస్థ పడుతున్నారని నా ఆత్రం. ఒకరోజు ఇస్త్రీ అతను ప్యాంటు పొట్టి చెయ్యమన్నాడు. నాన్న ఏదో చెప్పబోయారు. నేనే "సరే, చేస్తార్లే, వెళ్ళు" అనేశాను. ఆయన కత్తెర కింద పెట్టి గోడవైపు తిరిగి కూర్చున్నారు. మర్నాడు కొట్టుకి రానని చెయ్యి ఊపేశారు. మీ అన్నయ్య, "ఇంకెందుకమ్మా, మూసేయండి" అన్నాడు. మిషను కూడా లేకపోతే ఆ మనిషి ఏమైపోతారు?

ఆ అమ్మాయికి చెప్పుకుని ఏడిస్తే, నాన్నను బతిమాలి వెంటబెట్టుకుని తనే కొట్టుకి వచ్చింది. వీధిలో వాళ్ళని పిలిచి, "ఆయన్నే అడగండి. ఒక్కటే అడిగి ఆగండి" అని చెప్పింది.

"ఎంతసేపు ఆగాలమ్మా? నా పెట్టె చల్లారిపోతుంది" అన్నాడు ఇస్త్రీ అతను.

"మళ్ళీ వేడి చేసుకో బాబాయ్" అంది.

అతను నవ్వి తన ప్యాంటు సంగతే అడిగాడు. నాన్న దాని అంచు పట్టి చూపించి, చాలాసేపటికి, "వద్దు... పొడుగు... సరిపోయింది" అన్నారు. చూశావా, ఆయన వద్దనబోతే నేను సరే అన్నాను.

వెళ్ళేముందు ఆ అమ్మాయి, "అమ్మగారూ, ఈ వీధి మొత్తంలో మీకే ఎక్కువ నేర్పాలి" అంది. ఒళ్ళు మండింది గానీ, అన్నది నిజమే.

నీకు ఇంతసేపూ చెప్పని సంగతి ఒకటుంది. ఈ ఉత్తరం ఇంట్లో కూర్చుని రాయడం లేదు. నాన్నను కొట్లో ఒక్కరినే వదిలి, రోడ్డుకి ఇవతల ఇస్త్రీ అతని బల్ల మీద కూర్చున్నాను. తిట్టకు. కత్తెర తగిలితేనో, కళ్ళు తిరిగితేనో అని నేను తిట్టుకుంటూనే ఉన్నాను. కానీ ఇవాళ్టి నుంచి వచ్చినవాళ్ళతో ఆయనే మాట్లాడతారు.

ఇప్పుడే కోటు కుట్టమని ఇచ్చిన బడి టీచరమ్మ కొట్లోకి వెళ్ళింది. అది ఎప్పటికవుతుందని అడిగినట్టుంది. ఆయన తడుముకుంటున్నారు. ఆవిడ నా వైపు తిరిగింది. తిరగనీ. నేను తల దించుకుని నీకు రాస్తున్నాను.

"శనివారం."

రోడ్డుకి ఇవతలికి వినపడింది తల్లీ. మీ పెద్ద డాక్టరుగారికి ఈ సంగతి చెప్పు.

ఇట్లు,
పెదవి విప్పకుండా కూర్చున్న
మీ అమ్మ