సాయంత్రం తీసిన ఫోటోలు

పిన్నీ, నిన్న ఫోన్లో సగంలో ఆపేసిన మాట ఇదే. నాన్న కొత్త పరిశోధన పేపర్లో, తను ఇచ్చే మందుతో కీళ్లవాపు పూర్తిగా తగ్గిందని రాసిన పదిహేనేళ్ల అమ్మాయి నేనే. నాకేమీ తగ్గలేదు. ఆయన నేను లేవకముందే ఆస్పత్రి డ్యూటీకి పోతారు, నా చేతుల ఫోటోలు సాయంత్రం, వాపు దిగాక తీస్తారు. పొద్దున టూత్‌పేస్టు మూత కూడా తిప్పలేను. ఇప్పుడు పెన్ను అరచేత్తో పట్టి రాస్తున్నా, అక్షరాలు చూసి నవ్వకు.

"పొద్దున తీయండి నాన్నా" అన్నాను.

"ఈ జబ్బు మీద వందకు పైగా పేపర్లు వేసినవాణ్ణి, నాకే పాఠం చెప్తావా? బడి ఎగ్గొట్టడానికే నీ నొప్పులు!"

అమ్మేమో "ఆయన పరువు తీయకే" అంటుంది. ఆయనకు నా వేళ్ల కంటే ఆ పేపర్లే ముద్దు. ఆయన్ని చూస్తే ఒళ్లు మండుతోంది, భయమూ వేస్తోంది.

ఇది అచ్చయితే ఇదే మందు ఇంకెంతమంది పిల్లలకు ఇస్తారో. ఆ పేపర్ రాసినవాళ్లలో నీ పేరూ ఉంది. నువ్వు ఒప్పుకోకపోతే పంపడానికి లేదని నువ్వే చెప్పావు. ఒప్పుకోకు పిన్నీ. నేను చెప్పానని మాత్రం అనకు.

అయ్యో, ఇవాళ ఆదివారం, ఇంట్లోనే ఉన్నారు. తలుపు బాదుతున్నారు.

"గడియెందుకే? తియ్యి!"

రాత్రి వేళ్లు బాగా వంగుతున్నప్పుడు వేశాను, ఇప్పుడు పొద్దున్నే తీయలేను. ఈ కాగితాలు దిండు గలీబులో దాస్తున్నా. తలుపు పగలగొడితే పగలగొట్టనీ. ఈ ఒక్కసారైనా నా చేతుల్ని పొద్దున చూస్తారు.