వణకని చెయ్యి

సూరమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఉన్నప్పుడే నీకు అక్షరాలు రావు. అయినా ఈ మాట నీకే చెప్పాలని తాటాకు తీసి రాస్తున్నాను.

కార్తీకం మొదలైన రోజు నుంచి కల్లు ముట్టలేదు. "ఈ ఒక్క నెలైనా మానండి" అని ఏటా అడిగేదానివి. మొదటి వారం చెమటలు పట్టి, నిద్ర రాక నానా యాతన పడ్డాను. పదిరోజులకి ఆకలి పుట్టింది. ఇప్పుడు పొద్దున్నే కడుపులో మంట లేదు. బంగారం పని చేసేటప్పుడు వేళ్లు వణకడం లేదు.

ఈ ఉదయం మన పార్వతి చంటిదానికి చెవులు కుట్టించడానికి రాజోలు నుంచి పడవలో వచ్చింది. పెద్దవాడికి కుట్టించినప్పుడు, కన్నతండ్రి కంసాలి అయ్యుండీ, నన్ను కాదని మలికిపురం తీసుకెళ్లింది. ఆవేళ నువ్వు అన్నం ముట్టలేదు.

"చెయ్యి చూపించండి నాన్నగారూ" అంది. చాపేను. కాసేపు చూసి, పిల్లని నా ముందు కూర్చోబెట్టుకుంది.

రెండు చెవులూ ఒక్కో పోటుతో కుట్టేసేను. పిల్ల కాస్త ఏడ్చి, పాలు తాగి నిద్రపోయింది. పార్వతి ఏడుపు మాత్రం ఆగలేదు.

"అమ్మ అడిగినప్పుడే మానితే ఏం పోయేది నాన్నగారూ?"

నెల రోజుల పనే సూరమ్మా. పాతికేళ్ల కాపురంలో నీకు ఆ ఒక్క నెల ఇవ్వలేకపోయాను.